విద్యార్హత గడి

భూపాలపల్లి క్యాంపు,
2 జూన్ 1983.

చెల్లె ప్రమీలకు,

నువ్వూ బావా చల్లగా ఉండాలి. మొన్న చిల్పూరు వచ్చినప్పుడు నీ చేతిలో టేపు పెట్టి, "ప్రతి శనివారం బావి కొలువాలె" అని మాత్రం చెప్పి బస్సెక్కాను. ఎందుకో చెప్పకుండా పని అంటగట్టడం నాది తప్పే. ఇప్పుడు చెప్తాను, ఓపికగా చదువు.

ఇక్కడ అడవిలో బొగ్గు ఎంత లోతున ఉందో తెలుసుకోవడానికి బోర్లు వేయిస్తున్నాం. ఈ కొలువు చేస్తూనే రెండున్నరేళ్ళ కింద పిహెచ్‌డికి పేరు నమోదు చేసుకున్నాను. దానికి ఏమేం కావాలో తెలుసా? ఎం.టెక్‌లో ఫస్టు క్లాసు ఉండాలి, నాకుంది. పై అధికారి తనకు అభ్యంతరం లేదని రాసివ్వాలి, ఆ ఒక్క కాగితం కోసం ఎనిమిది నెలలు తిరిగాను. రెండు పేపర్లు రాసి నెగ్గాలి, నెగ్గాను. ఆరు నెలలకోసారి గైడు ముందు నిలబడి ఏం చేశానో ఒప్పజెప్పాలి. చివరికి థీసిస్ రాసిస్తే, ముక్కూ మొహం తెలియని ఇద్దరు పరీక్షకులు చదువుతారు. అదీ నచ్చితే అందరి ముందూ కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఇదంతా అయిదేళ్ళలో ముగియాలి. 1985 డిసెంబరు ముప్పై ఒకటి దాటితే నా పేరు కొట్టేస్తారు. అది కొట్టేస్తే నేను కాలేజీలో పాఠం చెప్పాలనుకున్న ఆశ కూడా అక్కడితో సరి. ఈ ముప్పై మూడేళ్ళ వయసులో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టలేను.

నా పరిశోధన విషయం ఏమిటంటే, మన వైపు రాతి నేలలో తవ్విన బావిలోకి రోజుకు ఎంత ఊట వస్తుంది, దాని కింద ఎంత పొలం తడుస్తుంది అన్నది. అందుకే మీ బావి. శనివారం పొద్దున్నే మోటారు పెట్టకముందు, గట్టు మీద నేను సున్నం గుర్తు పెట్టిన చోటు నుంచి నీళ్ళ దాకా టేపు వదులు. అంకె నోటుబుక్కులో రాయి. తప్పు పడితే రబ్బరుతో చెరపొద్దు. ఒక్క గీత కొట్టి, సరైన అంకె రాసి, పక్కన సంతకం పెట్టు. కొలవని రోజు గడి ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ గడికి నన్నెవరూ ఏమీ అనరు. ఊహించి నింపితే మాత్రం నా పరువు పోతుంది.

అన్న,
రవీందర్

*

చిల్పూరు,
3 జూలై 1983.

అన్నా,

నీ జాబు అందింది. నువ్వు పుస్తకాల భాషల రాసినవు. నాకు గది రాదు, నోటితోని మాట్లాడినట్టే రాస్త, నవ్వకు.

ఇప్పటికి అయిదు శనివారాలు కొలిచిన. మీ బావ నన్ను సూసి, "ఏందే, బావికి జరమొచ్చిందా, టేపు పెట్టి సూస్తానవు" అంటాండు. మన పక్క చెలక తావుర్యాది గదా, మన బావికి కిందనే వాళ్ళ బావి. ఆయనైతే "అక్కా, బావికి అంగీ కుట్టిస్తానవా" అని ఒకటే నవ్వుడు. నవ్వనీ. మా అన్న డాక్టరైనంక సూద్దువు తీ అని చెప్పిన. "ఇంజనీరు డాక్టరెట్లయితడు" అని మల్ల నవ్విండు.

డాక్టర్ కానీకె గిన్ని పరీక్షలుంటయా అన్నా? మా దవాఖాన డాక్టరు సుత గిన్ని రాసి ఉండడు. ఎనిమిది నెలలు తిరిగిన ముచ్చట ఇంటికొచ్చినప్పుడు ఒక్కసారి సుత చెప్పలేదేంది?

శనివారం గురించి నువ్వు పరేషాన్ కాకు. మన బావి పెద్ద సార్ల ముంగట తలదించుకునేటట్టు నేను చెయ్య.

నీ చెల్లె,
ప్రమీల

*

భూపాలపల్లి క్యాంపు,
22 జనవరి 1984.

ప్రమీలా,

నిన్ననే వరంగల్ నుంచి తిరిగి వచ్చాను. గైడు ముందు నీ అంకెలతో గీసిన గీత పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఇంత నికరమైన బావిని నేను చూడలేదయ్యా, యాసంగిలో కూడా నీళ్ళు దిగడం లేదే" అన్నారు. ఆయన నోట మెచ్చుకోలు రావడం చాలా అరుదు. ఆ మెప్పు నీదే అని నాకు అనిపించింది, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఇంకో ఏడాది బావిని ఇలాగే కొలుస్తూ ఉండు. బావకు నమస్కారాలు.

రవీందర్

*

చిల్పూరు,
12 ఆగస్టు 1984.

అన్నా,

నెల రోజుల నుంచి జాబు రాయలేదని కోపం చేసుకోకు. ఆషాఢమంత మలేరియా జరంతోని మంచంల పడ్డ. దవాఖానకు మూడుసార్లు పోయినం. ఇప్పుడు మంచిగనే ఉన్న, నోరు మాత్రం ఇంకా చేదుగ ఉన్నది.

జూలై నెల గడులు ఖాళీగ ఉన్నయి. మీ బావ "నేను కొలుస్త, నువ్వు పండుకో" అన్నడు. ఆయన గట్టు మీద నిలబడి కండ్లతోని సూసి "గింత ఉన్నది" అని చెప్పే మనిషి, టేపు ముట్టడు. వద్దని చెప్పిన. ఖాళీ గడికి ఎవరు తిట్టరని నువ్వే రాసినవు గదా.

ఎండకాలం పెట్టిన వంగతోట సగం ఎండిపోయింది. వారానికి రెండు పూటలు తడి తప్పె, మొక్క ఓర్సుకోలే. గది వేరే ముచ్చట, నువ్వు పట్టించుకోకు. ఈ నెల మొదటి శనివారం నుంచి మల్ల కొలుసుడు మొదలుపెట్టిన.

ప్రమీల

*

భూపాలపల్లి క్యాంపు,
3 ఫిబ్రవరి 1985.

చెల్లె ప్రమీలకు,

లెక్క తేలింది! జనవరి అంకెలతో ఇరవై నెలల పట్టిక పూర్తయింది. మోటారు వారమంతా ఆడినా శనివారం పొద్దుటికి మీ బావిలో నీళ్ళు పెద్దగా దిగలేదు. అంటే రాతి నేలలో ఊట మనం అనుకున్నదానికంటే చాలా ఎక్కువ. ఇలాంటి బావి కింద యాసంగిలో ఇప్పుడున్నదానికి తోడు మరో ఎకరం వరి తడుస్తుంది. ఇదే నా థీసిస్‌లో చివరి మాట. సెప్టెంబరులో సారాంశం ఇచ్చేస్తాను, డిసెంబరు లోపల థీసిస్.

బావకు చెప్పు, నారు మిగిలితే ఇంకో ఎకరం నాటు వేయమను. తావుర్యాకూ చెప్పు, వాళ్ళదీ అదే రాయి, అదే ఊట. నన్ను చూసి నవ్వాడు కదా, ఇప్పుడు వరి కోసేటప్పుడు నవ్వమను.

నీ అన్న,
రవీందర్

*

జనగామ, పత్తి మార్కెట్,
12 ఫిబ్రవరి 1985.

అన్నా,

మీ బావ పత్తి కాంటా కాడ నిలబడ్డడు. నేను బండి మీద కూసోని రాస్తాన్న. ఇంటికాడ రాయబుద్ధి కాలే.

నీ జాబు సదివి మీ బావ మస్తు ఖుషీ అయిండు. మిగిలిన నారు సగం తావుర్యాకిచ్చిండు. ఇద్దరు చెరో ఎకరం దున్నిపిచ్చిన్రు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలే. ఉన్న మడికే నీళ్ళు సాలక పోయినేడు రెండు మళ్ళు విడిచిపెట్టినం, ఇంకో ఎకరం ఎట్ల పారుతది? అన్న లెక్క ఎక్కడ తప్పింది అని ఒకటే ఆలోచన చేసిన. నీ లెక్క తప్పలే అన్నా. తప్పు నాది.

శనివారం కొలిచేది ఉన్నదని నేను బేస్తారం పొద్దుగూకంగనే మోటారు బంద్ చేపిచ్చేదాన్ని. శుక్రవారమంత బావిని ఎవ్వరిని ముట్టనియ్యకపోయేది. సుట్టాలొస్తానరంటే ఇల్లు అలికి ముగ్గు పెడుతం, గిది సుత గట్లనే అనుకున్న. మా అన్న పెద్ద సార్లకు చూపిచ్చే బావి, బోసిగ కనబడితే ఇజ్జత్ పోదా అనుకున్న. వంగతోట అందుకే ఎండింది. మీ బావ గునిగితే నోరు మూపిచ్చిన. నువ్వు కొలిచింది రోజు ఆడే బావి కాదన్నా, రెండు రాత్రులు ఒక పగలు పండుకోని లేచిన బావి.

మీ బావకు చెప్పిన, ఆయన ఎకరం ఆపిండు. తావుర్యా ఇంటలేడు. "మీ అన్న ఇంజనీరు గదా అక్కా, ఆయన ఉన్నయంటే నువ్వెందుకు లేవంటానవు" అంటాండు. నాలుగు రోజులల్ల నాటేస్తడు. నువ్వు ఆయన పేరు మీద ఒక జాబు రాయి, నీ మాటైతే ఇంటడు. జల్ది రాయి.

ప్రమీల

*

భూపాలపల్లి,
24 ఫిబ్రవరి 1985.

ప్రమీలా,

నీ ఉత్తరం చేరి వారమైంది. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

ఇరవై నెలల పని. నేను నిన్ను బావి కొలవమన్నాను గాని, దాన్ని ముస్తాబు చేయమనలేదు. మళ్ళీ మొదటి నుంచి కొలవాలంటే ఒక వానాకాలం, ఒక యాసంగి కావాలి. నాకున్నది పది నెలలు. గైడుకు చెబితే ఆయన ఒక్క మాటలో తేల్చేస్తారు, నా పేరు కొట్టుకుపోతుంది.

ఈ సంగతి ఇంకెవరికీ చెప్పకు. నోటుబుక్కు అలాగే ఉండనీ. ఎకరం మాట తీసేసి, చివర మెత్తగా ఏదో రాస్తాను. పరీక్షకులు చిల్పూరు వచ్చి బావి చూడబోరు. తావుర్యాకు నువ్వే ఏదో ఒకటి చెప్పు.

రవీందర్

*

చిల్పూరు,
10 మార్చి 1985.

అన్నా,

తిట్టినవు, పడ్డ. తప్పు నాదే, ఇంకో నాలుగు తిట్టినా పడత. గాని తావుర్యాకు "ఏదో ఒకటి" చెప్పుడు నాకు రాదు. ఆయన నాటేసిండు. నీ జాబు కోసం నేను రోజు పోస్టాయన తొవ్వ సూసిన, అది వచ్చేసరికే నాటైపోయింది. వచ్చినదాంట్ల సుత ఆయనకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఇప్పుడాయన బావిల అడుగు రాయి కనబడతాంది. మూడు రోజులకొకసారి మన మోటారు నీళ్ళు ఆయన మడికి ఇడుస్తానం. మీ బావ ఒక్క మాటనలే, తనే పోయి కాలువ తీసిండు.

చెరపొద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టు అని నువ్వే నేర్పినవు. మరి గిదాన్ని ఎట్ల చెరుపుతవు? నీ పుస్తకం సదివి ఇంకెక్కడనో ఇంకో తావుర్యా నాటేస్తే, ఆయనకు మోటారు నీళ్ళు ఎవరిడుస్తరు?

ఇగ నీకు చెప్పని ముచ్చట ఒకటున్నది. మొదటి వారంలనే నాకు ఆ బావి మీద ఇష్టం పుట్టింది. టేపు శనివారానికి దాసిపెట్టి, రోజు కొలువనీకె చేంతాడు పట్టిన. దానికి నా జానకొక ముడి వేసి, కొసకు రాయి కట్టిన. పొద్దుగాల మోటారు పెట్టకముందు ఒకసారి, మాపటికి బంద్ చేసినంక ఒకసారి కొలిచిన. ఎన్ని ముడులు మునగకుంట ఉన్నయో గోడకున్న ఎరువుల దుకాణం క్యాలెండర్ల, ఆ తారీకు గడిలనే రాసిన. మోటారు ఆడని రోజుకు సున్న చుట్టిన. జరమొచ్చిన నెల అండ్ల సుత ఖాళీనే.

గది నీ కోసం కాదు అన్నా, నా సంబురం కోసం. బడి బందైన ఏడాది నువ్వు నాకు లాగరిథం పట్టిక సూసుడు నేర్పినవు, యాదికున్నదా? అంకెలు కనబడితే నాకు అప్పటి సంది గట్లనే అయితది. నువ్వు అడుగలే, నేను చెప్పలే.

మూడు క్యాలెండర్లు, తాడు మూట గట్టి జనగామ కాడ బస్సు కండక్టరుకు ఇస్తాన్న. పనికొస్తయో రావో నువ్వే సూడు.

ప్రమీల

*

మహబూబాబాద్,
20 ఏప్రిల్ 1985.

నా చెల్లె ప్రమీలకు,

సెలవు పెట్టి ఇక్కడ మానుకోటలో మన ఇంట్లోనే పది రోజులుగా ఉన్నాను. నేల మీద నీ క్యాలెండర్లు పరుచుకుని కూర్చుంటే అవ్వ, "పెండ్లి ముహూర్తం చూస్తానవా కొడుకా" అని అడిగింది.

ముందుగా, దీంతో పాటు తావుర్యా పేరున ఒక ఉత్తరం ఉంది, నువ్వే చదివి వినిపించు. నా మాట నమ్మి నష్టపోయినందుకు క్షమించమని రాశాను. రెండు నెలల కింద రాయాల్సింది. అప్పుడు నా పేరు కొట్టేస్తారేమో అన్న భయం తప్ప నాకేమీ కనిపించలేదు. సిగ్గుగా ఉంది.

నీ తాడును పొడిగా ఒకసారి, నీళ్ళలో నానబెట్టి ఒకసారి కొలిచాను. నీ జాన ఇరవై ఒక్క సెంటీమీటర్లు. తడిస్తే ముడికి అర సెంటీమీటరు తగ్గుతుంది. అది సరిచేసి నీ ముడులన్నీ సెంటీమీటర్లలోకి మార్చాను. పొద్దున ఎంత ఉంది, సాయంత్రానికి ఎంత దిగింది, మర్నాటికి ఎంత తిరిగి వచ్చింది, అన్నీ ఉన్నాయి. నీ శనివారాలు కూడా వృథా కాలేదు. మోటారు ముట్టకపోతే బావి ఎంతలో కోలుకుంటుందో అవే చెప్తున్నాయి. తేలింది ఏమిటంటే, మీ బావి కింద ఎకరం పెంచడం కాదు, యాసంగిలో అర ఎకరం తగ్గించాలి. నువ్వు ఒక్క జాబు చదివి చెప్పిన మాట రుజువు చేయడానికి నాకు పది రోజులు పట్టింది.

ఇవన్నీ పట్టుకుని గైడు దగ్గరికి పోయాను. ఆయన క్యాలెండర్ తిరగేసి, "ఇవి ఎవరు రాశారు?" అన్నారు. అక్కడ నీ పేరు చెప్పడానికి వెనకాడాను. ఎందుకో నీకు తెలియదు. నా చిత్తుప్రతిలో "కొలతలన్నీ నేను స్వయంగా తీసుకున్నాను" అని రాసుకున్నాను. వేరేవాళ్ళు కొలిస్తే వాళ్ళ పేరు చెప్పాలన్నది నిబంధన. తెలిసే రాశాను. చిల్పూరులో నా చెల్లె కొలిచిందంటే నవ్వుతారేమోనని రాశాను. నీ తప్పు తెలియక చేసింది. నాది తెలిసి చేసింది. అయినా కోపం నీ మీద చూపించాను.

అన్నీ ఆయనకు చెప్పేశాను. ఆయన క్యాలెండర్‌ను మళ్ళీ మొదటి నుంచి తిరగేశారు. తర్వాత, "ముందు ఆ వాక్యం కొట్టెయ్. ఈ క్యాలెండర్లుంటే నీకు ఇంకో ఏడాది అక్కర్లేదు. కొలిచినావిడ సంతకంతో పత్రం జతచెయ్" అన్నారు. ఆ పత్రం ఇందులోనే ఉంది. పేరు, ఊరు, కొలిచిన కాలం, విద్యార్హత, సంతకం.

ఇంకొక్క మాట. అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం లొల్లి అయినప్పుడు నా కాలేజీ, నీ బడి ఒకేసారి మూతపడ్డాయి. తెరిచాక బాపు నన్ను రైలెక్కించాడు. నిన్ను "ఆడపిల్లకు ఇగ చాలు తియ్" అన్నాడు. నువ్వు స్టేషన్‌కు నా సద్ది పట్టుకుని వచ్చావు. "దాన్ని గూడ పంపు బాపూ" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. బాపు పోయి ఏడేళ్ళయింది, ఇప్పుడు ఆ మాట అనడానికి మనిషే లేడు.

నీ అన్న,
రవీందర్

*

చిల్పూరు,
9 మే 1985.

అన్నా,

తావుర్యాకు నీ జాబు సదివి ఇనిపిచ్చిన. రెండుసార్లు సదివిపిచ్చుకున్నడు. "ఇంజనీరు సుత తప్పైందని రాస్తడా అక్కా" అని, మడత పెట్టి సందుగల దాసుకున్నడు. ఆయన ఎకరంల సగం దక్కింది, సగం పశువులు మేసినయి. ఇప్పుడైతే బావి కాడ నవ్వుతలేడు, ఇయ్యాల పొద్దుగాల ఎన్ని ముడులున్నయని అడుగుతాండు.

బాపు మీద కోపం లేదంటే అబద్ధం. నీ మీద సుత ఉండె అన్నా. ఆనాడు రైలు పోయినంక గేటు కాడనే కూసోని ఏడ్చిన. ఎన్నడు చెప్పలే, చెప్పి ఏం లాభమని. నీ జాబు సదివి మల్ల ఏడ్చిన. మీ బావ భయపడి నీళ్ళు తెచ్చిచ్చిండు. ఇప్పుడు జర తేలికైంది.

కాయితం మీద పేరు రాసిన, ఊరు రాసిన, సంతకం పెట్టిన. విద్యార్హత అన్న గడి కాడ ఆగిపోయిన. పది అని రాద్దామంటే పరీక్ష రాయలే. తొమ్మిది అని రాద్దామంటే పదిల సుత కూసున్న. ఊహించి నింపొద్దన్నవు. అందుకే ఖాళీగ విడిచిపెట్టిన. నువ్వే ఏమన్న సరైంది రాయి.

ప్రమీల

*

భూపాలపల్లి,
6 ఏప్రిల్ 1986.

చెల్లె ప్రమీలకు,

అయిపోయింది! థీసిస్ డిసెంబరు ఇరవై ఏడున ఇచ్చాను, గడువుకు నాలుగు రోజుల ముందు. మొన్న మార్చిలో అందరి ముందూ కూర్చోబెట్టి రెండు గంటలు అడిగారు. బయటి నుంచి వచ్చిన పెద్ద పరీక్షకుడు మిగతా పుటలన్నీ వదిలి, వెనక జతచేసిన నీ పత్రం తీశారు. విద్యార్హత గడిలో ఉన్నది పైకి చదివి, "ఇదేమి అర్హత?" అన్నారు. "సార్, ఆ అర్హత నాకు కూడా లేదు, అందుకే ఆవిడ కొలతల మీద ఆధారపడ్డాను" అన్నాను. తర్వాత ఆయన తాడు తడిస్తే ఎంత తగ్గిందని అడిగారు, చెప్పాను. డాక్టరేటు ఇవ్వవచ్చని గైడుతో కలిపి ముగ్గురూ సంతకాలు చేశారు.

నీ క్యాలెండర్లు, వాటితో పాటు థీసిస్ పుస్తకం ఒకటి పంపుతున్నాను. తావుర్యాతో చెప్పు, ఇంజనీరు కూడా డాక్టరవుతాడని. వచ్చే నెలలో ఒక కాలేజీలో ఇంటర్వ్యూ ఉంది. కొలువు వస్తే నా మొదటి పాఠం మీ బావి.

నీ అన్న,
రవీందర్

*

చిల్పూరు,
27 ఏప్రిల్ 1986.

డాక్టర్ అన్నకు,

పుస్తకం అందింది. అట్ట మీద నీ పేరు సూసి మీ బావ మురిసిండు. తావుర్యా చేతులు కడుక్కోని వచ్చి ముట్టుకోని పోయిండు. ఇంటర్వ్యూకు పోయేటప్పుడు ఆ పాత చెప్పులు వేసుకోని పోకు.

ఇంగ్లీషు నాకు సగమే తెలుస్తది, అంకెలైతే అన్ని తెలుస్తయి. లోపలి పట్టికలన్ని క్యాలెండర్లు ముంగటేసుకోని సరిచూసిన. నాలుగు రోజులు పట్టింది. ఒక్క అంకె తప్పు పోలేదు. మంచిగ రాసినవు.

ఆఖరుకు నా కాయితం కాడికొచ్చిన. విద్యార్హత గడిల నువ్వు రాసింది మీ బావతోని తెలుగుల చెప్పిపిచ్చుకున్న. "ఇరవై నెలలు, రోజుకు రెండుసార్లు, బావిని కొలిచిన అనుభవం." మల్ల ఒకసారి చెప్పిపిచ్చుకున్న. నాకు మస్తు సంతోషమైంది అన్నా. పదోది పాసైతే సుత గింత సంతోషమయ్యేది కాదేమో.

గాని ఇరవై కాదు. ఆషాఢంల జరమొచ్చి కొలువలే, యాది మరిచినవా? పందొమ్మిది. నా పుస్తకంల ఇరవై మీద ఒక్క గీత కొట్టి, పందొమ్మిది అని రాసి, పక్కన సంతకం పెట్టిన. మిగిలిన పుస్తకాలల్ల నువ్వు దిద్దు.

నీ చెల్లె,
ప్రమీల